గోడ కూలేది మట్టివల్ల కాదు

(ఇళ్ల జాగాల సమస్యమీద ఒక దళితవాడలో జరిగిన సమావేశంలో మా బృందం తరఫున చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే ఇస్తున్నాం.)



ప్రతి యేడూ వానలు ముదిరినప్పుడు పేపర్లో ఓ మూల చిన్న వార్త వస్తుంది. రాత్రి వానకు గోడ నాని కూలి తల్లీబిడ్డా చనిపోయారని. పేర్లు చదవకముందే అది ఏ వాడో మనకు తెలిసిపోతుంది. తెల్లారి అధికార్లు వస్తారు, పంచనామా రాస్తారు. కారణం దగ్గర "మట్టి గోడ కూలినందున" అని రాసి సంతకాలు పెట్టి పోతారు. ఆ రాత తప్పని చెప్పడానికే మేం ఇవాళ వచ్చాం. తప్పని చెప్పి ఊరుకోం, మట్టితోనే నిలబడే గోడ ఎట్లా కట్టాలో కూడా చెప్తాం.

మట్టి గోడే మనుషుల్ని చంపేదైతే ఊళ్లో పెద్దోళ్ల పాత లోగిళ్లు ఎప్పుడో నేలమట్టం కావాలి. వెళ్లి చూడండి. తాతల నాటి ఇల్లు, రెండడుగుల మందం గోడ, లోపలంతా మట్టే. పైన సున్నం కొట్టారు గనుక మట్టి కనపడదు. ఆ మట్టి తవ్వింది, నీళ్లు పోసి తొక్కింది, తట్టల్లో మోసింది మన తాతలూ అవ్వలే. వెట్టికి కట్టిన గోడ నిలబడింది, మనకోసం కట్టుకున్న గోడ కూలింది. చేతులవే, మట్టీ అదే.

తేడా గోడ కింద ఉంది, గోడ పైన ఉంది. వాళ్ల గోడకింద మోకాలెత్తో నడుమెత్తో రాతి కట్టుబడి ఉంటుంది, కింది చెమ్మ పైకి ఎక్కదు. వాళ్ల చూరు గోడ దాటి రెండడుగులు ముందుకొచ్చి ఉంటుంది, వాన గోడను తాకదు. మన చూరు గోడ అంచునే ఆగిపోతుంది, ఇంకో నాలుగు వాసాలు కొనే డబ్బు లేక. మన గోడ నేలమీంచే లేస్తుంది, రాయి తోలించే డబ్బు లేక. అన్నిటికీ మించి వాళ్ల జాగా మెరక, మన జాగా పల్లం. ఊరి నీళ్లు, ఊరి మురుగు ఎటు పారతాయో అటే మాలపల్లె, అటే మాదిగ గూడెం. ఇది ఎవరో తెలియక చేసిన పని కాదని మీకు వేరే చెప్పక్కర్లేదు. 1977 నవంబరు 19న దివిసీమమీదికి ఉప్పెన వచ్చిన రాత్రి గట్టి కట్టడం ఎక్కి నిలబడగలిగినవాళ్లు చాలామంది బతికారు, పల్లంలో గుడిసెల్లో ఉన్నవాళ్లు కొట్టుకుపోయారు.

మట్టిని చూసి సిగ్గుపడాల్సిన పని మనకు లేదు. అనంతపురం, కర్నూలు దిక్కు పోతే చౌడు మట్టి కప్పిన మిద్దెలు ఇప్పటికీ కనిపిస్తాయి, ఎండాకాలం మధ్యాహ్నం వాటిలో పడుకున్నవాళ్లకు ఆ చల్లదనం తెలుసు. శ్రీకాకుళం, విశాఖ తీరంలో చుట్టిళ్లున్నాయి. గుండ్రటి మట్టి గోడ, నేలదాకా వంగిన కప్పు. గాలికి ఎదురు నిలబడే మూల ఉండదు కాబట్టి తుఫాను గాలి ఆ ఇంటిని చుట్టుకుని పోతుంది. ఏ ఇంజనీరూ వచ్చి గీసిచ్చింది కాదది.

సర్కారు లెక్కలో మాత్రం మట్టి అంటే కచ్చా. జనాభా లెక్కల్లో కాల్చిన ఇటుక, సిమెంటు, సున్నంతో కట్టిన రాయి అయితే పక్కా, మట్టీ పచ్చి ఇటుకా అయితే కచ్చా అని రాస్తారు. 2011లో మొదలైన సామాజిక ఆర్థిక కులగణనలో కచ్చా గోడలు, కచ్చా కప్పు ఉన్న ఒక్క గది ఇంటిని పేదరికానికి ఒక గుర్తుగా పెట్టుకున్నారు. పేదరికానికి గుర్తంటే మనం కాదనం. కానీ దానికి మందు సిమెంటు ఒక్కటే అని ఎవరు తేల్చారు?

పథకాలు లేవని కాదు. 1983 తర్వాత మన రాష్ట్రంలో బలహీన వర్గాల పక్కా ఇళ్లన్నారు. 1985లో కేంద్రం ఇందిరా ఆవాస్ మొదలుపెట్టినప్పుడు అది షెడ్యూల్డు కులాలు, తెగలు, విడుదలైన వెట్టి కూలీలకే అన్నారు. 2016లో దానికి ప్రధానమంత్రి ఆవాస్ యోజన అని పేరు మార్చి 25 చదరపు మీటర్ల ఇల్లు, మైదాన ప్రాంతానికి లక్షా ఇరవై వేలు అన్నారు. తెలంగాణలో 2024లో ఇందిరమ్మ ఇళ్లకు 5 లక్షలన్నారు. డబ్బు ఒక్కసారి చేతికి రాదు. బేస్‌మెంటుకింత, గోడలకింత, స్లాబుకింత. బేస్‌మెంటు లేపితేనే మొదటి బిల్లు. ఆ బేస్‌మెంటు లేపడానికి డబ్బెక్కణ్ణుంచి వస్తుంది? నూటికి మూడు రూపాయల వడ్డీకి వస్తుంది. ఏ కాలనీకైనా పోయి చూడండి, చువ్వలు ఆకాశంలోకి పొడుచుకుని, కప్పు లేకుండా, లోపల తుమ్మ చెట్టు మొలిచిన గోడలు వరసగా కనిపిస్తాయి. ఇల్లు రాలేదు, అప్పు మాత్రం వచ్చింది.

అందుకే మేం ఒక పద్ధతి చూసుకుని, నేర్చుకుని, ఒక అవ్వకు ఒక గది కట్టి మరీ మీ ముందుకొచ్చాం. సంచుల్లో మట్టి నింపి కట్టే ఇల్లు.

ఇది మేం కనిపెట్టింది కాదు. 1976లో గ్వాటెమాలా అనే దేశంలో భూకంపం వచ్చి మట్టి ఇళ్లు వేలకు వేలు కూలిపోయాయి. జర్మనీలో కాసెల్ విశ్వవిద్యాలయంలో పనిచేసే గెర్నాట్ మింకే అనే ఆయన గుడ్డ గొట్టాల్లో మట్టి నింపి గోడ కడితే ఎట్లా ఉంటుందో చూసి, 1978లో అక్కడ ఒక నమూనా ఇల్లు కట్టించాడు. ఆ తర్వాత ఇరాన్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ నాదిర్ ఖలీలీ అనే వాస్తుశిల్పి దీన్ని ముందుకు తీసుకుపోయాడు. 1984లో నాసావాళ్లు చంద్రుడిమీద కట్టడాల గురించి సదస్సు పెడితే, ఇక్కణ్ణుంచి ఇటుకలు మోసుకుపోవడమెందుకు, అక్కడి మట్టితోనే కడదాం అన్నాడాయన. చంద్రుడిమీద ఇంటి పట్టా ఎవరిస్తారో గానీ, ఆ ఆలోచన భూమ్మీద పనికొచ్చింది. 1995లో ఇరాన్‌లో, గల్ఫ్ యుద్ధంవల్ల చెట్టుకొకరు పుట్టకొకరైనవాళ్ల శిబిరంలో, ఐక్యరాజ్యసమితి సంస్థల సాయంతో ఇట్లాంటి ఇళ్లు కట్టారు. కట్టినవాళ్లలో ఆ శరణార్థులే ఉన్నారు. 2004లో ఆగాఖాన్ వాస్తుకళా పురస్కారం ఈ పనికిచ్చారు. నేపాల్‌లో 2015 ఏప్రిల్ 25న భూకంపం వచ్చి ఊళ్లకు ఊళ్లు రాళ్లకుప్పలైనప్పుడు, అంతకుముందు మట్టి సంచులతో కట్టిన బడులూ ఇళ్లూ కొన్ని పెద్దగా దెబ్బతినకుండా నిలబడ్డాయి.

ఎందుకు నిలబడ్డాయో ఆలోచించాలి. మనకు పక్కనే లాతూరు ఉంది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున అక్కడ వేలమందిని చంపింది మందపాటి రాతి గోడలు. రాళ్లమధ్య మట్టి ముద్ద తప్ప ఒక రాయిని ఇంకో రాయితో పట్టి ఉంచేది ఏదీ లేదు, నెత్తిన బరువైన మట్టి మిద్దె. నేల ఊగగానే గోడ రెండుగా విచ్చుకుని కప్పు మనుషుల మీద పడింది. సంచుల గోడలో వరసకూ వరసకూ మధ్య ముళ్లతీగ వేస్తారు. ముళ్లు కింది సంచిలోకీ పైసంచిలోకీ దిగి పట్టుకుంటాయి. ఇటుకల మధ్య సిమెంటు చేసే పని ఇక్కడ ముళ్లతీగ చేస్తుంది. ఇంకా నయం, సిమెంటు పగులుతుంది, తీగ సాగుతుంది. బంజరు చుట్టూ, మన స్మశానం దారికి అడ్డంగా ఇన్నాళ్లూ చూసిన ముళ్లతీగే ఇది. గోడలో పెడితే మనకు కాపలా ఉంటుంది.

ఇప్పుడు పనిలోకి వద్దాం. రాసుకునేవాళ్లు రాసుకోండి.

ముందు మట్టి. పైన జానెడు మట్టి తీసెయ్యాలి, దాంట్లో వేళ్లు, ఆకు కుళ్లు ఉంటాయి, చెదలు వస్తుంది. దాని కింది మట్టి కావాలి. బంక పాలు నాలుగో వంతు, మహా అయితే మూడో వంతు, మిగతాదంతా ఇసుకా మొరమూ ఉంటే మంచిది. చూడ్డం ఎట్లా? గాజు సీసాలో మూడో వంతు మట్టి పోసి, నిండా నీళ్లు పోసి బాగా కుదిపి కదలకుండా పెట్టండి. ఇసుక ముందు అడుక్కు దిగుతుంది, దానిమీద మెత్తటి ఒండు, ఒక రోజు ఆగితే అన్నిటికన్నా పైన బంక పొర తేరుతుంది. బయటినుంచే కొలుచుకోవచ్చు. ఇంకోటి, కొంచెం తడిపిన మట్టిని లడ్డూలా నొక్కి ఛాతీ ఎత్తునుంచి నేలమీదికి వదలండి. నాలుగైదు ముక్కలైతే సరిపోయినట్టు. పొడిపొడిగా రాలితే బంకో తడో తక్కువైంది. రొట్టెలా చదునైపోతే నీళ్లెక్కువైనయ్. చెరువు మట్టి పొలానికి బంగారం, గోడకు ఒంటిగా పనికిరాదు, బంక మరీ ఎక్కువ, ఇసుకో మొరమో కలపాలి. నల్లరేగడి అసలే వద్దు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది, దాన్ని సంచిలో కట్టేసినా దాని గుణం పోదు.

సంచులు. మన ఊళ్లలో యూరియా సంచులకు కరువు లేదు. 50 కిలోల బస్తా 2018లో 45 కిలోలైంది, అది రైతు ఏడుపు, మన సంచికి ఇబ్బంది లేదు. ప్లాస్టిక్ నేత సంచి కావాలి. లోపల పల్చటి కవరుంటే లాగేసి, రెండుసార్లు కడిగి ఆరబెట్టాలి, లేకపోతే ఆ ఉప్పు గోడమీదికి తెల్లగా పొంగి పూతను రాలగొడుతుంది. పురుగుమందు వచ్చిన సంచీ, అట్టపెట్టె, డబ్బా ఏదీ ఇంట్లోకి తేవద్దు, ఎంత కడిగినా సరే. గోనెసంచి కుళ్లుతుంది, చెదలు తింటుంది, అది ఈ పనికి కాదు. ఇంకో ముఖ్యమైన మాట. ఈ ప్లాస్టిక్ సంచికి నీళ్లు శత్రువు కాదు, ఎండ శత్రువు. కొన్ని నెలలు ఎండలో వదిలేస్తే చేత్తో నలిపితే పొడి అవుతుంది. అందుకని గోడ లేపినంత త్వరగా పూత పుయ్యాలి. పూత ఉన్నంతకాలం సంచి ఉంటుంది. అది పోయే రోజుకైనా లోపలి మట్టి గట్టిగా బిగిసి ఉంటుంది.

పునాది. దీని దగ్గర పిసినారితనం వద్దు. గోడ మందం కంటే వెడల్పుగా, గట్టినేల తగిలేదాకా తవ్వాలి. రేగడి నేలైతే మొరం తగిలేదాకా పోవాల్సిందే. అడుగున కంకర, పాత కాంక్రీటు ముక్కలు, గుండ్రాళ్లు వేసి దిమ్మిస కొట్టాలి. నేలకు సమంగా వచ్చాక మొదటి రెండు మూడు వరసల సంచుల్లో మట్టి వెయ్యొద్దు. కంకర వెయ్యండి, సంచిలో సంచి తొడిగి. కంకరలోంచి చెమ్మ పైకి పాకదు. మీ జాగాలో నీళ్లు నిలిచే గుర్తు ఎక్కడిదాకా ఉందో ముసలోళ్లను అడగండి, ఇంటి నేల దానికంటే ఒకటిన్నర అడుగు పైన ఉండాలి. పెద్దోళ్ల లోగిలికి ఉన్న రాతి కట్టుబడి ఏమిటో, మన గోడకు ఈ కంకర సంచి అదే.

గోడ. మట్టిని చెమ్మగా ఉంచుకోండి, బురద కాకూడదు. నిండిన సంచి నలభై కిలోల పైమాటే, దాన్ని కింద నింపి పైకెత్తాలని చూస్తే నడుములు పోతాయి. ఖాళీ సంచిని గోడమీద దాని చోట్లో పెట్టి, డబ్బాలతో మట్టి అందిస్తూ అక్కడే నింపాలి. మూతి మడిచి పక్క సంచికి ఆనించి పండబెట్టాలి. వరసంతా పరిచాక దిమ్మిస కొట్టాలి. మొదట్లో దబ్‌దబ్ అని మెత్తగా వినిపిస్తుంది, బిగిసేకొద్దీ శబ్దం మారి రాయిమీద కొట్టినట్టు మోగుతుంది. ఆ మోత వచ్చేదాకా ఆపొద్దు. దానిమీద రెండు తీగలు సమాంతరంగా పరిచి, పై వరస మొదలుపెట్టాలి. ఇటుకల్లాగే కింది అతుకుమీద పై సంచి నడుమ రావాలి. ప్రతి వరసకూ రసమట్టం, ప్రతి మూలకూ తూకం గుండు. తాపీ మేస్త్రి అక్కర్లేదంటున్నారు కొందరు. మేం ఆ మాట అనం. మూలలు నిలబెట్టేటప్పుడు, ద్వారబంధం కూర్చోబెట్టేటప్పుడు చెయ్యి తిరిగినవాడు ఒకడుండాలి, ఆ రెండు మూడు రోజుల కూలి అతనికి సరిగా ఇవ్వాలి. మన వాడలోనే మేస్త్రీలున్నారు, ఊరందరి ఇళ్లూ కట్టిందీ వాళ్లే.

మేం కట్టింది లోపల పదడుగులు పన్నెండడుగుల గది. ఎనిమిదడుగుల ఎత్తు. మా చేతికొచ్చిన సంచి కొట్టి బిగించాక 15 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల పొడవు, 5 అంగుళాల మందం వచ్చింది. వరసకు దాదాపు 30 సంచులు, పునాదినుంచి పైదాకా 22 వరసలు, తలుపూ కిటికీల చోటు తీసేస్తే మొత్తం 600 సంచులు. మట్టి ఏడు ట్రాలీలు. ముళ్లతీగ ఆరేడు వందల మీటర్లు. ఆరుగురు మనుషులు, రోజుకు రెండు మూడు వరసలు. రూపాయల్లో ఎంతని అడుగుతారు. తీగ ధర, ట్రాక్టరు కిరాయి ఊరూరికీ, నెలనెలకూ మారతాయి. కొలతలిచ్చాం, మీ ఊరి ధర వేసి గుణించుకోండి, ఇటుక గోడతో పోల్చుకోండి.

కొన్ని జాగ్రత్తలున్నాయి. తిన్నని గోడ పన్నెండడుగులు దాటితే నడుమ ఒక అడ్డగోడో, ఆనుడు దిమ్మో కట్టాలి. తలుపూ కిటికీ మూలకు మూడడుగుల దూరంలో ఉండాలి, మూల బలం తియ్యకూడదు. కిటికీమీద వేసే బండ, దుంగ అటూ ఇటూ అడుగు చొప్పున గోడమీద కూర్చోవాలి. మేకు ఈ గోడలో నిలవదు. గూడు, చిలక్కొయ్య, కరెంటు బోర్డు ఎక్కడ కావాలో ముందే ఆడవాళ్లనడిగి, అక్కడ వరసల మధ్య చెక్క ముక్కలు పెట్టుకోవాలి. ఇల్లు పూర్తయ్యాక వంటకు ఎక్కడ కూర్చోవాలని అడగడం మన మగాళ్లకు అలవాటు, అది ఇక్కడ పనికిరాదు. స్నానాల గది, దొడ్డి ఈ గోడతో కట్టొద్దు, రోజూ తడిసేచోట ఇటుకే కట్టండి.

గోడల నెత్తిన చుట్టూతా కాంక్రీటు పట్టీ తప్పనిసరి. అడుగు వెడల్పు, ఆరంగుళాల మందం, లోపల నాలుగు చువ్వలు. పోసేముందు మూరెడు మూరెడు ఇనుప చువ్వలు కింది సంచుల్లోకి దిగ్గొట్టి, పై కొసలు కాంక్రీటులో కలిసేట్టు చూడాలి. ఈ పట్టీకి నాలుగైదు బస్తాల సిమెంటు పట్టింది. ఇంటి మొత్తంలో సిమెంటు పెట్టాల్సింది ఇక్కడ. నాలుగు గోడల్నీ ఒక్కటిగా పట్టి ఉంచేది, కప్పును గోడకు కట్టేసేది ఇదే.

కప్పు విషయంలో ఒక మాట. ఖలీలీ కట్టినవి గుమ్మటాలు. గోడే గుండ్రంగా తిరిగి తిరిగి పైకెళ్లి మూసుకుంటుంది, దూలం అక్కర్లేదు. ఫోటోలు చూసి మన కుర్రాళ్లు అవే కడదామన్నారు. అవి వానలు తక్కువున్న ఎడారి చోట్లకు. మన దగ్గర నాలుగు రోజులు వదలకుండా ముసురు పడితే ఆ గుమ్మటం ఎక్కడో చోట తడి పీలుస్తుంది. మనకు వాలు కప్పు కావాలి, గోడ దాటి రెండడుగుల చూరు కావాలి. పెంకు మంచిది. ఇనప రేకు వేసుకుంటే గాలికి లేచిపోకుండా వాసాల్ని పట్టీలోంచి వచ్చిన చువ్వలతో కట్టెయ్యాలి. తాటాకు చల్లగానే ఉంటుంది, కాదనం. కానీ దానికి ఒక్క అగ్గిపుల్ల చాలు. 1968 డిసెంబరు 25న తమిళనాడు కీళ్వెణ్మణిలో కూలి గొడవలో భూస్వాముల మనుషులు గుడిసెకు నిప్పుపెట్టి, అందులో తలదాచుకున్న 44 మందిని కాల్చేశారు. పూరిగుడిసెలో పుట్టినవాళ్లెవరూ కప్పు సంగతి తేలిగ్గా తీసుకోలేరు.

పూత. ప్లాస్టిక్‌మీద మట్టి నిలవదు, జారుతుంది. సంచికీ సంచికీ మధ్య గాళ్లల్లోకి ముందు ముద్దలు విసిరి కూరాలి, అది ఎండాక కోళ్ల జాలీయో, చేపల వలో గోడకు బిగించి రెండో పూత వెయ్యాలి. బంకమట్టి, ఇసుక, తరిగిన వరిగడ్డి, పేడ కలిపి నాలుగు రోజులు నానబెట్టిన ముద్ద మన అవ్వలకు కొత్త కాదు. బయటివైపు చివరి పూత సున్నంతో. పాతకాలం మేస్త్రీలు సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్లు పోసేవాళ్లు, ఇప్పటికీ పనిచేస్తుంది.

ఇక పాత సామాను. పట్నాల్లో రోడ్లు వెడల్పు చేస్తుంటారు, పాత ఇళ్లు పడగొడుతుంటారు. వేప, టేకు ద్వారబంధాలు, కిటికీలు, పాత పెంకులు, దూలాలు తూకానికి అమ్ముతారు. కడప బండల ముక్కలు, షాబాదు బండల ముక్కలు కోత యూనిట్ల బయట కుప్పలుంటాయి, నేలకు అవి చాలు. పాత దూలం కొనేముందు సూదిమొన కత్తితో గుచ్చి చూడండి, మెత్తగా దిగితే లోపల పురుగు తిన్నట్టే. పాత సిమెంటు రేకులు, అదే ఆస్‌బెస్టాస్ రేకులు, చవకగా వస్తాయి. తేవద్దు. కొయ్యొద్దు, పగలగొట్టి పునాదిలో వెయ్యొద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఎన్నో యేళ్ల తర్వాత బయటపడే రోగం, దానికి మందు లేదు.

ఇంకోటి గట్టిగా చెప్తాం. ఏ సామాను తెచ్చినా చీటీ రాయించుకోండి. పాత తలుపైనా, ఇరవై ఖాళీ సంచులైనా, ఇచ్చినవాడి సంతకం, తేదీ, సరుకు పేరు. ట్రాలీ మట్టికి పంచాయతీనుంచో, రెవెన్యూనుంచో కాగితం. చీటీ లేకుండా పెద్ద కులపోడు తెచ్చుకుంటే అది పాత సామాను, మనం తెచ్చుకుంటే దొంగ సామాను. స్టేషన్లో ఒక్క రాత్రి కూర్చోబెడితే ఇల్లు కాదు కదా, ఇంటి ఊసే ఎత్తం. చీటీలన్నీ ఒక సంచిలో పెట్టి ఇంటావిడ దగ్గర ఉంచండి.

ఇట్లా చెప్తుంటే మొన్న ఒక తమ్ముడు లేచి అడిగాడు. "అందరికీ స్లాబులు, మనకు మాత్రం మళ్లీ మట్టీ, చింకి సంచులూ, ఎవడో పారేసిన తలుపులా? పాత బట్టలు, మిగిలిన కూడు చాల్లేదా?" అని. సభలో ఎవరూ మాట్లాడలేదు. ఆ ప్రశ్నలో ఉన్న మంట న్యాయమైంది. దాన్ని దాటేసి ఈ ఇల్లు కట్టకూడదు.

మేం చెప్పేది ఇది. సర్కారు ఇవ్వాల్సిన ఇంటికి ఇది బదులు కాదు. దరఖాస్తు పెట్టండి, జాబితాలో పేరు ఉంచుకోండి, డబ్బు వస్తే తీసుకోండి. ఇల్లు కట్టేసుకున్నారు కదా అని పేరు కొట్టేస్తామంటే, వాళ్ల లెక్కల ప్రకారమే ఈ గోడలు కచ్చా అని వాళ్ల కాగితమే వాళ్లకు చూపించండి. మా అవ్వ గది చూడ్డానికి ఒక ఇంజనీరుగారొచ్చి గోడను వేలితో పొడిచి, వేలు నొప్పి పెట్టాక కూడా "ఇది కచ్చానే" అన్నారు. కచ్చా అని రాసివ్వండి సారూ అంటే రాయలేదు. ఇదే గోడ పట్నం పొలిమేరలో ఉన్నోడెవడైనా కట్టుకుంటే పర్యావరణ ఇల్లని ఆదివారం పుస్తకంలో రంగుల ఫోటో వేస్తారు. మట్టికి కులం లేదు గానీ, కట్టుకున్నవాడి కులాన్ని బట్టి దానికి పేరు పెడుతున్నారు. అప్పులేని గోడ చేతిలో ఉంటే మెరక జాగా కోసం, పట్టా కోసం గట్టిగా నిలబడి అడగొచ్చు. నెలనెలా వడ్డీకి పోయేవాడు ధర్నాకు రాలేడు, మనం చూస్తూనే ఉన్నాం.

జాగా సంగతి ఒక్కటి మరిచిపోవద్దు. పట్టా లేని చోట ఎంత గట్టి గోడ కట్టినా ఒక్క పొక్లెయినుకు చాలదు. పట్టా ఆడమనిషి పేరున ఉందో లేదో, సర్వే నంబరూ హద్దులూ సరిగా ఉన్నాయో లేదో చూసుకున్నాకే పునాది తవ్వండి. పల్లంలో పట్టా ఇస్తే, మెరక చేయించే ఖర్చు సర్కారే పెట్టాలని అదే కాగితంమీద రాసి అడగండి.

మా అవ్వ గదిలో గోడ మందం 15 అంగుళాలు కాబట్టి కిటికీ గట్టు వెడల్పుగా వచ్చింది. తూర్పు కిటికీ. ఆమె మనవరాలు ఎనిమిదో తరగతి, పొద్దున్నే ఆ గట్టుమీదెక్కి కూర్చుని చదువుకుంటుంది. 1930ల్లో బాబాసాహెబ్ బొంబాయి దాదర్‌లో రాజగృహ కట్టించుకున్నప్పుడు ముందు పుస్తకాలకు చోటు చూసుకున్నారు. ఒక్క గది ఇల్లయినా పిల్ల ఎక్కడ కూర్చుని చదువుకుంటుందో కిటికీ పెట్టేటప్పుడే ఆలోచించండి, తర్వాత గోడ తవ్వి పెట్టడం కుదరదు.

అడిగిన రెండు ప్రశ్నలకు జవాబు చెప్పి ఆపుతాం. ఎలకలు రావా అన్నారు ఒక అక్క. ధాన్యం బస్తాలోకి వస్తాయి గానీ దిమ్మిస కొట్టి బిగిసిన మొరంలో ఎలకకు పనేం లేదు. చూరుకింద సందులు మాత్రం మూసెయ్యాలి. మేడ వెయ్యొచ్చా అన్నారు ఇంకొకరు. ఈ గోడమీద వద్దు. ఒక్క అంతస్తు, తేలిక కప్పు, అంతవరకే.

రేపు పొద్దున ఏడింటికి చర్చి వెనక ఖాళీ జాగాలో రెండు వరసలు కట్టి చూపిస్తాం. ఒక్కొక్కరు మీ జాగాలో మట్టి, జానెడు లోతు కిందిది, గాజు సీసాలో తీసుకు రండి. ఇవాళ రాత్రే నీళ్లు పోసి కుదిపి పెడితే రేపటికి కాస్త తేరుతుంది. మా దగ్గర దిమ్మిసలు రెండే ఉన్నాయి, ఎవరింట్లో ఉన్నా పట్టుకు రండి. తీగ పరిచేవాళ్లకు తోలు చెప్పుల ముక్కలు, పాత టైరు ముక్కలు చేతులకు చుట్టుకోడానికి కావాలి.